బెల్లం షావుకారు తట్టిన వీపు

ఎనభైల్లో నర్సీపట్నం చుట్టుపక్కల కాలేజీల చరిత్ర మేస్టర్లం బౌద్ధస్తూపాల కొండ మీద వర్క్‌షాపుకు వెళ్లాం. బస్సూ భోజనాలూ ఒక బెల్లం షావుకారుగారివి; ఆయనా మాతో కొండెక్కారు. ఏ బెల్లం దిమ్మనైనా అరచేత్తో తట్టి, “సరుకు మంచిదే” అంటేనే ఆయన కొట్లో బేరం.

మొదటి పూటే ఎండకు తాళలేక, కింద సత్రంలో కూర్చుని చదువుకుందామన్నాం. ఆయన ముఖం వాడిపోయింది.

“పుస్తకాలు మీ కాలేజీల్లో లేవేటండీ? దిగిపోతే మరింక బస్సు పంపను. ఓపాలి ఇలా రండి మేస్టారూ!”

స్తూపం ఇటుక పచ్చిగా ఉన్ననాడు ఎవరో నొక్కిన వేళ్ల గుంటల్లో నా వేళ్లు పెట్టించారు. అచ్చంగా సరిపోయాయి. అవతలి నుంచి ఎవరో తిరిగి నొక్కారు కూడా, ఒట్టు!

ఆ మాట అందరికీ చెప్పాను. నా వెనక మేస్టర్లంతా వరుస కట్టారు. దిగే ఊసే లేదు.

షావుకారుగారు నా వీపు తట్టి, “సరుకు మంచిదే” అన్నారు.