వంచి సరిచేసిన గడ

దుర్గకు కోపం ఎక్కువని ఆమె పనిచేసే ఫ్యాక్టరీలో అందరూ అంటారు. నన్నడిగితే ఇంకాస్త ఉన్నా తప్పులేదు.

అశ్వారావుపేట అవతల, అడవి అంచున ఉన్న కోయగూడెం ఆమెది. ఆ గూడెంలో మొదటి ఇంజినీరు తనే. పామాయిల్ గెలలు కోసే అల్యూమినియం గడలు తయారుచేసే చోట ఉద్యోగం. తండ్రి పగిడయ్య ఆ గడలతోనే తోటల్లో కూలికి గెలలు కోస్తాడు. గడ చివర కొడవలి బిగించి గట్టిగా లాగితే ఒక్కోసారి గడ వంగిపోతుంది. వంగిందని పారేసేవాళ్లు అక్కడ లేరు. రెండు చెట్ల మధ్య ఇరికించి, ఒళ్లంతా మోపి నొక్కి, మళ్లీ నిటారు చేస్తారు. పగిడయ్య అయితే ఒక కన్ను మూసి చూసుకుని మురిసిపోతాడు కూడా.

మొన్న అలా సరిచేసిన గడే విరిగింది. కొడవలి వచ్చి పగిడయ్య భుజం మీద పడింది. హాస్టళ్లలో పెరిగిన దుర్గకు, గడలు సరిచేస్తారన్న సంగతి ఆసుపత్రిలోనే తెలిసింది. కట్టు కట్టగానే తండ్రి ఇంకో గడ తెమ్మన్నాడు. ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టింది.

మర్నాడు మేనేజర్ బాబూరావును నిలదీసింది. ప్రతి గడకూ బరువు కట్టి పరీక్షించాకే పంపుతున్నామన్నాడాయన. నిజమే, కట్టారు, ఒక్కసారి. వంచి, సరిచేసి, మళ్లీ లాగి చూసినవాడు లేడు. వంచి సరిచేసిన చోట ఆ లోహం పెళుసవుతుంది, కంటికి ఆనని పగులు పుడుతుంది. ఆ పాఠం బాబూరావూ చదివాడు, మార్కులు తెచ్చుకున్నాడు, మరిచిపోయాడు. ఇలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైగా తప్పంతా కూలీలదేనట. కొత్త గడల లారీ ఆ రోజే బయలుదేరాలట.

దుర్గ నేరుగా లారీ దగ్గరికి నడిచింది. లారీలోంచి ఒక గడ లాగి, ఆవరణలోని పామాయిల్ చెట్ల మధ్య వంచింది, సరిచేసింది. మళ్లీ వంచింది, మళ్లీ సరిచేసింది. కొడవలి బిగించి పైనున్న గెలకు తగిలించింది.

"సార్, మా నాయన నిలబడే జాగల మీరు నిలబడుండ్రి. నేను లాగుతా."

బాబూరావు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. గడ పైనుంచి కిందిదాకా నిటారుగానే ఉంది. అయినా పక్కకు జరిగాడు.

"జరిగిండ్రు," అంది దుర్గ. "అంటే మీకు ఎరికే. మా నాయనకు ఎరిక లేకనే జరగలే."

ఆ సాయంత్రం గడలన్నీ లారీ దిగాయి. హమాలీలతో పాటు దుర్గా దించింది, ఒక్కోదాన్నీ నేలకేసి కొడుతూ.