వందకి ఇరవయ్యారు పుంజీలు

నేను అనుమానం మనిషిని. ముప్పయ్యేళ్లు పంతులమ్మగా చేశాను. ఏ పిల్ల తప్పులేకుండా లెక్కలు చేసుకొచ్చినా ముందు మెచ్చుకున్నది లేదు, "ఇంట్లో ఎవరు చెప్పారే?" అనే అడిగాను. ఈ పాడుబుద్ధి నాకు అయిదో తరగతిలో అంటుకుంది.

అరవయ్యో దశకం చివరి మాట. మాది విజయనగరానికి తూర్పున సముద్రం ఒడ్డు ఊరు. నాన్న చేపల వేటకి వెళ్లేవాడు. అమ్మ చేపలు ఎండబెట్టి చీపురుపల్లి సంతకి పట్టుకెళ్లేది. అక్షరం ముక్క రాదు గానీ లెక్కలో ఆవిణ్ని దగా చేసినవాడు లేడు. మా ఒడ్డున చేపల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టరు. చేతికి రెండు చొప్పున రెండు చేతులా తీసి తట్టలో వేస్తారు. ఆ నాలుగూ ఒక పుంజీ.

సాయంత్రం ఇసుకలో కూర్చుని నేను ఇంటిలెక్క చదివేదాన్ని. అమ్మ చేపలు తిరగేస్తూనే జవాబు చెప్పేసేది. నేను రాసేసుకునేదాన్ని. అది తప్పని నాకు తెలియక కాదు. శృంగవరపుకోట నుంచి కొత్తగా వచ్చిన మేస్టారు, ఇంట్లోవాళ్ల చేత చేయించుకొస్తే పేరు కొట్టేస్తానని ముందే చెప్పారు. పేరంటే పట్నంలో హాస్టలు బడి పరీక్షకి పంపించే పేరు. మా బడి నుంచి ఇద్దరివే రాశారు. ఒకటి నాది, రెండోది మా మావ కూతురిది. నాకన్నా ఆరునెలలు పెద్దది, వదినా అని పిలిచేదాన్ని. ఆ పరీక్షకి వెళ్లకపోతే ఎవరికైనా మిగిలేది చేపల తట్టే.

ఒకరోజు ఇచ్చిన లెక్క ఇది. బుట్టకి వంద చొప్పున ఆరు బుట్టల మామిడికాయలు, అందులో నలభై కుళ్లిపోతే మిగిలినవి ఎన్ని? మర్నాడు మేస్టారు మా ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టారు. రెండింట్లోనూ అయిదువందల ఎనభైనాలుగు.

"ఒప్పయితే ఇద్దరికీ ఒకటే వస్తుంది. ఇంత వింత తప్పు ఇద్దరికీ ఒకటే ఎలా వచ్చింది? ఎవరు ఎవరిది చూశారు?" అన్నారు.

నాది మా అమ్మ చెప్పిన లెక్క. అది దీనికెలా తెలిసింది? పొద్దున నా సంచీ దీని పక్కన పెట్టి మంచినీళ్లకి వెళ్లిన సంగతి గుర్తొచ్చింది. అంతే, ఒళ్లు మండిపోయింది.

"ఇదే సూసింది మేస్టారూ. నా సంచీ దీని కాడే ఉన్నాది" అన్నాను.

"నేను సూళ్లేదు" అంది వదిన. మరి ఎలా వచ్చిందో చెప్పమంటే నోరు విప్పలేదు. మేస్టారు ఎర్రసిరాతో దాని పేరు కొట్టేశారు. నేను తప్పు చేసినా దొంగతనం చెయ్యలేదని నన్ను వదిలేశారు.

ఇంటికొచ్చి అమ్మకి ఆ దొంగబుద్ధి గురించి గొప్పగా చెప్పాను. అమ్మ చేతిలో చేపలు అలాగే ఆగిపోయాయి.

"తప్పేటున్నాది అందులో? వందంటే ఇరవయ్యారు పుంజీలు. ఆరు వందలకీ ఏసి నలభై తీసి సూడు."

"ఇరవయ్యయిదే కదమ్మా?"

"కొసరు పుంజీ ఎయ్యకుండా వంద ఎవులిస్తారే? మీ అత్తా నేనూ ఒక్కకాడే నేర్సుకున్నాం లెక్క. దానికి ఆల అమ్మ సెప్పుంటాది. ఆ గుంట నీది సూడనేదు. రేపు మేస్టారికి సెప్పు."

అప్పుడు తెలిసింది, వదిన ఎందుకు నోరు విప్పలేదో. అదీ నాలాగే వాళ్లమ్మని దాచింది. మర్నాడు మేస్టారి బల్ల దాకా వెళ్లాను. నిజం చెబితే నా పేరూ పోతుంది. తిరిగొచ్చేశాను.

"సెప్పేవేటి?" అంది అమ్మ.

"సెప్పేను."

"ఏటన్నారు?"

"సరే అన్నారు."

అమ్మ నమ్మలేదు. అయినా మేస్టారి దగ్గరికి తను వెళ్లలేదు, నన్ను మళ్లీ అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ అనుమానమే. ఆవేళ నుంచి నా లెక్కల జోలికి మాత్రం రాలేదు. "నువ్వే సేసుకో" అనేది. ఏడ్చుకుంటూ చేసుకున్నాను, పరీక్ష నెగ్గాను. ఆ వేసవిలోనే వదిన తట్ట ఎత్తుకుంది.

ఉద్యోగం వచ్చాక ఒకసారి చీపురుపల్లి సంతలో వదిన దగ్గర ఎండుచేపలు వంద అడిగాను. నవ్వుతూ పలకరించింది, పిల్లలెలా ఉన్నారని అడిగింది. నా ముందు బేరానికి వచ్చినావిడకి ఇరవయ్యారు పుంజీలు వేసింది. నా అనుమానం ఎక్కడికి పోతుంది, లెక్కపెడుతూనే ఉన్నాను. నాకు వేస్తూ ఇరవయ్యయిదో పుంజీ దగ్గర చెయ్యి ఆపేసింది.

"కొసరేదే వదినా?" అన్నాను.

"మీ బడిలో వందంటే వందే కదేటి" అని మూట కట్టి నా చేతిలో పెట్టింది.