మైనంలో బాబాయి

మా అమలాపురంలో ఒక్క నిమ్మకాయ కొన్నా కవర్లో వేసి ఇస్తారు. వద్దండీ, జేబులో పడేసుకుంటాను అంటే కొట్టతను నేనేదో అవమానం చేసినట్టు చూస్తాడు. "ఉంచండి సార్, ఊరికేనే" అంటాడు. ఇడ్లీకి ఒక కవరు, చట్నీకి ఒక కవరు, ఆ రెండు కవర్లనీ మోయడానికి ఇంకో కవరు. వాటికి వేసే ముడి ఎవరు నేర్పేరో గానీ, అది విప్పేసరికి ఇడ్లీ చల్లారిపోతుంది, మనిషి వేడెక్కిపోతాడు. ఈ విషయమై నేను చాలాకాలంగా కోపంగా ఉన్నాను. ఊళ్ళో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

రాజమండ్రిలో మా బాబాయిని కూడా అలాంటి కవర్లోనే పెట్టి ఇచ్చేరు.

మొత్తం బాబాయిని కాదు. ఆయన ఊపిరితిత్తిలోంచి సూదితో తీసిన ముక్కని. బియ్యపుగింజంత కూడా ఉండదు. దాన్ని మైనంలో పెట్టి గట్టిపరిచి, చిన్న ప్లాస్టిక్ చట్రంలో బిళ్ళలా పోస్తారు, దాన్నే బ్లాకంటారు. ఆ బిళ్ళని ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజుపలక మీద అంటించి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు చెప్తారు. కోయగా మిగిలిన బిళ్ళని అడిగినా అడక్కపోయినా మనకి ఇచ్చేస్తారు. ఇదంతా నాకు డాక్టర్లు చెప్పలేదు. నేను డిగ్రీలో జువాలజీ. బొద్దింక పేగుని మైనంలో పెట్టి కోసినవాణ్ణి. అలాంటి బిళ్ళ పదేళ్ళయినా చెక్కుచెదరదనీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ కోసి చూడొచ్చనీ కవరు పట్టుకున్న నాకు బాగా తెలుసు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. రాజోలు పక్కన కాలవ లాకుల దగ్గర తలుపులెత్తి నీళ్ళు వదిలే లస్కరుగా పనిచేసి రిటైరయ్యేడు. ఈ గట్టు మీంచి కేకేస్తే ఆ గట్టు మీద పశువులు తలెత్తేవి. అలాంటి గొంతు. చుట్టగానీ బీడీగానీ ముట్టినవాడు కాదు. దగ్గు తగ్గక, చివరికి ఊపిరితిత్తిలో కాన్సరని తేలేక, ఇంటికొచ్చిన ప్రతి మనిషీ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే.

"ఎన్నేళ్ళు కాల్చేరండీ?"

"కాల్చలేదండీ," అనేవాడు బాబాయి.

"పోనీ, పక్కన ఎవరైనా?"

"పక్కన మీ అక్కగారే. ఆవిడ పొయ్యి తప్ప ఇంకేం కాల్చలేదండీ."

అడిగినాయన నమ్మకుండానే తల ఊపి, చేతిసంచీలోంచి మందు తీసేవాడు. రోగిని బట్టి వైద్యం అనేది పెద్దాసుపత్రుల వాళ్ళు ఈమధ్య కనిపెట్టేమని చెప్పుకుంటున్నారు గానీ, మా కోనసీమలో అది ఎప్పట్నించో ఉంది. తేడా ఒకటే. అక్కడ రోగిని బట్టి మందు. ఇక్కడ చూడ్డానికి వచ్చినవాణ్ణి బట్టి మందు. కొబ్బరితోట ఉన్నాయన లక్ష్మణఫలం ఆకులు తెచ్చేడు. మస్కట్ నించి సెలవుకొచ్చినాయన ఒంటెపాల పొడి తెచ్చేడు. వీధి చివర రిటైరైన చర్చి మాస్టారు మాత్రం ఏమీ తేకుండా వచ్చి, చిన్న ప్రార్థన చేసి, కాఫీ తాగి, వర్షాల గురించి మాట్లాడి వెళ్ళేరు. ఆయనంటే నాకు అప్పట్నించీ ప్రత్యేకమైన గౌరవం.

సరే, రాజమండ్రి కౌంటరు. అక్కడతను రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, ఇంగ్లీషు చీటీ అంటించిన కవరు నా చేతిలో పెట్టి, "బ్లాకు, స్లైడ్లు. జాగ్రత్తండీ" అన్నాడు. నేను "ఆయ్" అన్నాను. మా వైపు ఆయ్ అంటే అర్థమైందని కాదు. మీరు చెప్తున్నారు, నేను వింటున్నాను, ఒకరి మర్యాదకి ఒకరం లోటు రానివ్వకుండా దీన్ని ఇంతటితో ముగిద్దాం అని. అతను ఇంకో నాలుగు మాటలు చెప్దామంటే నా వెనక క్యూ ఉంది. నేను ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుదామంటే నాకు బస్సు టైమైంది.

బయట బెంచీ మీద బాబాయీ, పిన్నీ కూర్చుని ఉన్నారు.

"ఏంటిరా అది?" అని పిన్ని అడిగింది.

"బాబాయే పిన్నీ. ఇంత ముక్కని ముందుగా డిశ్చార్జి చేసేరు."

బాబాయి నవ్వి, నవ్వు దగ్గై, దగ్గులోనే ఇంకా నవ్వేడు. పిన్ని నవ్వలేదు. "ముక్కంటే? ఆ జబ్బున్న ముక్కేనా?" అంది.

"ఆ ముక్కే. జాగ్రత్తగా చూసుకో. నీళ్ళు తగిలితే మొలకెత్తి పెరుగుద్దేమో."

బాబాయి ఇంకోసారి నవ్వేడు. ఆ నవ్వు కోసమే నేను అన్నది. సూది పొడిచిన రోజు నించీ ఆయన నవ్వలేదు మరి. పిన్ని కవరుని రెండు వేళ్ళతో పట్టుకుని ఒడిలో కాకుండా కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఇంటిదాకా అలాగే తెచ్చింది. ఆవిడ అలా పట్టుకోవడం నేను చూసేను. చూసి, ఇంకో జోకు ఆలోచించేను.

మూడు వారాలకి విశాఖలో పెద్ద డాక్టరు దగ్గర కూర్చున్నాం. చిన్న వయసావిడ. ఓపిగ్గా, తెలుగులో, బాబాయి మొహంలోకి చూస్తూ చెప్పేరు. ఊపిరితిత్తుల కాన్సరంటే ఒక్క జబ్బు కాదండీ. పైకి ఒకేలా కనిపించినా లోపల ఒక్కొక్కళ్ళది ఒక్కోటి. కణంలో ఫలానా మార్పు ఉంటే దానికి తగ్గ మాత్ర ఉంటుంది, ఇంట్లోనే వేసుకోవచ్చు. పొగ తాగనివాళ్ళలో అలాంటి మార్పు కనపడే అవకాశం ఎక్కువ. అది ఉందో లేదో తెలీకుండా ఇంకో మందు మొదలుపెడితే ఒక్కోసారి మంచికంటే చెడే ఎక్కువ. కాబట్టి ముందు ఆ ముక్క మీద పరీక్ష చెయ్యాలి. "బ్లాకు తెచ్చేరా?"

మేం ముగ్గురం ఒకర్నొకరం చూసుకున్నాం. అంటే బాబాయీ నేనూ పిన్నిని చూసేం. పిన్ని డాక్టర్ని చూసింది.

"అది లేదండీ. గోదాట్లో వదిలేసేను."

డాక్టరు పెన్ను కింద పెట్టేరు.

పిన్ని పుట్టింటివాళ్ళలో ఒక పద్ధతుంది. బతికున్న మనిషి ఒంట్లోంచి తీసింది ఏదైనా, పన్ను గానీ, కోసిన కణితి గానీ, ఇంట్లో ఉంచుకోకూడదు. పారే నీళ్ళలో కలపాలి. నిలవ నీళ్ళు పనికిరావు. అప్పుడు ఎండాకాలం, కాలవలు కట్టేసి ఉన్నాయి. లాకుల దగ్గర ముప్పయ్యేళ్ళు నీళ్ళు వదిలినాయన ఇంటి ముందు కాలవలో బురద తప్ప ఏం లేదు. అందుకని పదకొండు రోజులు ఆ కవరుని తడి తగలకుండా గొడ్లపాకలో చూరుకి వేలాడదీసి, నర్సాపురంలో చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటెక్కి, నది మధ్యకి వచ్చేక, గాజుపలకలతో సహా పసుపుగుడ్డలో చుట్టి వదిలింది. దణ్ణం కూడా పెట్టుకుంది. ఆయన జబ్బు దాంతోపాటే పోవాలని.

ఇదంతా ఆవిడ డాక్టరు ముందు ఉన్నదున్నట్టు చెప్పింది. నేను లేచి నిలబడి అరిచేను. ఏం అరిచేనో రాయను. బుద్ధుందా అన్నది అందులో అన్నిటికంటే మర్యాదైన మాట.

"కూర్చోండి," అన్నారు డాక్టరు. "ఇదివరకు ఒకళ్ళు వాళ్ళ బ్లాకుని దేవుడి గదిలో పెట్టి రోజూ హారతిచ్చేరు. అదైతే దొరికింది. ఈవిడకి అదేంటో ఎవరైనా చెప్పేరా?"

"రాజమండ్రి వాళ్ళు చెప్పలేదండీ," అన్నాను నేను. వెంటనే అన్నాను.

రక్తంతో కూడా ఆ మార్పుని వెతికే పరీక్ష ఉందన్నారు. ఇచ్చేం. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. కనపడలేదని వచ్చింది. రక్తంలో కనపడలేదంటే లేదని కాదు, మళ్ళీ సూదితో తియ్యాల్సిందే అన్నారు. ఈలోగా బాబాయి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. లుంగీ నడుంకి ఇంకో చుట్టు ఎక్కువ తిరిగింది. మంచం మీంచి అరుగు దాకా వచ్చి, ఆ దూరానికి సంతాపం తెలుపుతున్నట్టు కాసేపు నిలబడేవాడు.

రెండోసారి సూదికి విశాఖ వెళ్ళినరోజు రేడియేషన్ గది బయట కూర్చోబెట్టేరు. అక్కడ గోడకి చెక్క బీరువా, బీరువాలో వరసగా మొహాలు. గొంతుకీ నోటికీ కాన్సరొచ్చినవాళ్ళ మొహాన్ని అచ్చు తీసి జల్లెడలా పోసిన తొడుగులవి. తల కదలకుండా, కిరణం పడాల్సినచోటే పడేందుకు. ప్రతి తొడుగు మీదా పేరు చీటీ. ఓడలరేవు నించి వచ్చిన చేపల పడవాయన మా పక్కన కూర్చున్నాడు. గొంతులో జబ్బు. మాట గాలిలా వస్తోంది.

"బరువు తగ్గేను కదండీ," అన్నాడు. "పాత మొహం వదులైపోయింది. కొలతలన్నీ మళ్ళీ తీసి, నాకని కొత్త మొహం పోసేరు."

"రెండు మొహాలా! అదృష్టవంతులండీ," అన్నాడు బాబాయి. పడవాయన నవ్వేడు, చప్పుడు లేకుండా.

పిన్ని ఆ బీరువానే చూస్తోంది. ఎవరిది వాళ్ళకి, పేరు రాసి, అరల్లో. ఆవిడ ఏమనుకుంటోందో నేను అడగలేదు. నాకు అప్పటికి రెండు వారాలుగా ఆవిడతో మాటల్లేవు. చదువుకున్నవాడి అలక అది. మజ్జిగ పోస్తే తాగేవాణ్ణి, ఇంకాస్త అడిగేవాణ్ణి కాదు.

ఈసారి సూదికి ఊపిరితిత్తిలోంచి గాలి లీకైంది. పక్కటెముకల మధ్యనించి గొట్టం వేసి నాలుగు రోజులు ఉంచేరు. గొట్టం చివర సీసాలో బుడగలు వచ్చేవి. బాబాయి వాటిని చూస్తూ పడుకునేవాడు. నేను ఆ నాలుగు రోజులూ ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో జాబితా వేసేను. రాజమండ్రి కౌంటరతను. క్యూ. బస్సు. ఇంగ్లీషులో ఉన్న చీటీ. పంటు నడిపినవాడు. పిన్ని పుట్టింటివాళ్ళు, ఏడు తరాలు. గోదావరి. జాబితా పొడుగ్గానే వచ్చింది. అందులో జువాలజీ డిగ్రీ ఉన్నవాడు ఒక్కడూ లేడు.

రిపోర్టు వచ్చింది. మార్పు ఉంది. దానికి మాత్ర ఉంది. రోజుకొకటి, ఇంట్లోనే. మొదటి రోజే తెలిసుంటే ఈ నీరూ, ఈ గొట్టం, ఈ రెండో సూదీ ఉండేవా అని నేను డాక్టర్ని అడిగేను. "అలా ఖచ్చితంగా చెప్పలేమండీ," అన్నారు ఆవిడ. ఆ మాట అనేటప్పుడు పిన్నివైపు చూడకుండా జాగ్రత్తపడ్డారు.

మాత్ర మొదలై మూడు వారాలైంది. బాబాయి ఇప్పుడు అరుగు మెట్టు దిగుతున్నాడు. తిరిగి ఎక్కడం ఇంకా రాలేదు. చర్మం మీద పొక్కులొచ్చేయి, గోళ్ళ చుట్టూ పుళ్ళయ్యేయి, మాత్ర పనిచేస్తోందంటే అలాంటివి ఉంటాయన్నారు. పోయిన కేక మళ్ళీ వస్తుందా అని ఎవరూ అడగడం లేదు.

మొన్న ఆదివారం రాజోలు వెళ్ళి, అరుగు మీద కూర్చుని, రాజమండ్రి ఆసుపత్రి పెద్దలకి ఫిర్యాదు రాసేను. నాలుగు పేజీలు. నాకు చేతనైన పని అదొక్కటే, అది బాగానే చేసేను. రోగి శరీరభాగాన్ని ఇంటికిచ్చేటప్పుడు అదేమిటో, ఎందుకు దాచాలో, ఎన్నాళ్ళు దాచాలో ఆ ఇంట్లోవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పే బాధ్యత ఎవరిదని అడిగేను. సంతకం పెట్టించుకోవడానికి ఉన్న ఓపిక సమాధానం చెప్పడానికి ఎందుకు లేదని అడిగేను. మీ నిర్లక్ష్యం వల్ల ఒక మనిషి రెండు నెలల ఊపిరి పోగొట్టుకున్నాడని రాసేను. ఆ వాక్యం కింద రెండు గీతలు గీసేను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

పైకి చదివి వినిపించేను. బాబాయి కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగుందిరా. కొంచెం ఇంగ్లీషు కలుపు, భయపడతారు."

పిన్ని చేటలో బియ్యం ఏరుతూ గుమ్మంలో కూర్చుంది. "ఆ రాజమండ్రి కాడది మళ్ళీ చదువు," అంది.

విశాఖ తరవాత ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. మళ్ళీ చదివేను. కౌంటరతను ఏమన్నాడో, ఏమనలేదో, చీటీ మీద ఏముందో, ఏం లేదో, ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త కోపంగా.

పిన్ని చేట పక్కన పెట్టింది.

"ఆళ్ళేమన్నారో అంతా రాసేవు. ఆ బెంచీ కాడ నువ్వు నాతో ఏమన్నావో అది రాయలేదేంరా?"