తునికాకు కట్టలు, మంచుకోట ప్రేమకథ

నేను ప్రేమ నవలలు చదువుతానని చెప్పగానే చాలామంది మొహంలో జాలి కనిపిస్తుంది. వాటిలో మంత్రాలు, రాజ్యాలు, రెక్కల గుర్రాలు కూడా ఉంటాయంటే ఆ జాలి కాస్తా నవ్వుగా మారుతుంది. ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు ప్రేమించుకునే కథలంటే ప్రాణమని చెప్పానో, వెంటనే మాట మార్చి కరెంటు బిల్లు సంగతి ఎత్తుతారు. ఈ బాధ పడలేక మాలాంటి పాఠకులం కొందరం ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో పద్మ ఉంది. సిరోంచ దగ్గర పల్లెలో ఉంటుంది, గడ్చిరోలిలో డిగ్రీ చదివింది, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు ఏది దొరికితే అది చదువుతుంది. మే నెలలో ఒకరోజు ఆమె పంపిన వాయిస్ మెసేజ్ విని నేను ఒళ్లు మరిచిపోయాను. "అక్కా, మా వాడకట్టు ఆడోళ్లకు మంచుకోట నవల తెలుగుల చదివి వినిపిస్తున్న. రేపటెల్లుండి అసలు ఘట్టం వస్తది. నాకు మస్తు భయమైతుంది. నువ్వు రారాదు?" అంది. ఒక మనిషి ప్రేమకథ చదవడానికి భయపడుతుందంటే నాలాంటిది ఇంట్లో కూర్చుంటుందా?

హన్మకొండలో తెల్లవారుజామున కాళేశ్వరం బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి గోదావరి ఇవతలి ఒడ్డు వరకు ఖర్చు లేదు. భూపాలపల్లి దాటాక అడవి మొదలవుతుంది, కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి. దాదాపు మూడు గంటల ప్రయాణం. కాళేశ్వరంలో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో గోదావరి వంతెన దాటితే సిరోంచ. మనిషికి నలభై రూపాయలు తీసుకున్నారు. ఎండాకాలం కదా, నదిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. వంతెన అవతల దుకాణాల బోర్డులు మరాఠీలోకి మారతాయి గానీ మనుషుల మాట మాత్రం తెలుగే.

పద్మ వాళ్ల ఊరు సిరోంచ నుంచి ఇంకాస్త లోపలికి. ఊరి పేరు రాయొద్దంది కాబట్టి రాయను. ఇందులోని మనుషుల పేర్లు కూడా మార్చాను, పద్మ చదివి సరే అన్నాకే ఇది పెడుతున్నాను. బస్టాండు దగ్గర ఒక ఆటో మాట్లాడుకున్నాను. రెండువందలన్నాడు, నూటయాభైకి ఒప్పుకున్నాడు. ఎవరింటికని అడిగితే కథ వినడానికని చెప్పాను. అతను వెనక్కి తిరిగి చూశాడు.

"పద్మ సదివే కథనా? మా ఇంటామె గూడ రోజు ఆడికే పోతది. ఇంటికొచ్చి సగం కథ చెప్తది. మిగిలిన సగం చెప్పే అంటే మొఖం తిప్పుకొని నవ్వుతది. ఏముందమ్మా గా కథల?"

"మంచు," అన్నాను. అబద్ధం కాదు.

ఇక్కడ కథ వినే పద్ధతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దానిమీదే ఆధారపడింది. మే నెలలో ఊరు ఊరంతా తెల్లారకముందే అడవికి పోయి బీడీలకు పనికొచ్చే తునికాకు కోసుకొస్తుంది. పదింటికల్లా ఇంటికి చేరి, పందిరి కింద కూర్చుని ఆకులు సర్ది, చెట్టు నారతో కట్టలు కడతారు. సాయంత్రం లోపు వాటిని కల్లానికి, అంటే కట్టలు అప్పజెప్పే మైదానానికి, చేర్చాలి. ఆలస్యమైతే ఆకు వాడిపోతుంది, ఆ రోజు కష్టం వృథా. పద్మ కూడా ఆకు కోస్తుంది. కానీ పుస్తకం పట్టుకున్న చేతులు కట్టలు కట్టలేవు కదా. అందుకని వినేవాళ్లందరూ ఆమె కుప్పలోంచి తలో కొంత తీసుకుని, తమ ఆకుతో పాటు కట్టి పెడతారు. ఈ ఒప్పందం ఎవరు పెట్టారో తెలియదు గానీ, కథలు చదివే మనిషికి ఇంత మర్యాద ఇచ్చిన చోటు నేను మరొకటి చూడలేదు.

నేను చేరేసరికి పద్మ గడప దగ్గరే ఎదురుచూస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి, పెళ్లి కాలేదు, అన్నావదినల దగ్గరే ఉంటుంది. నన్ను కుండ నీళ్ల వంకతో పక్కకు లాక్కెళ్లింది.

"కథకు భయపడుడు కాదక్కా," అంది గొంతు తగ్గించి. "ఏటపల్లి దవాఖాన్ల నర్సుపిల్ల ఉన్నది. నాకు ఆమె, ఆమెకు నేను. మూడేండ్లాయె. బస్సులు సరిగ్గ ఉండయి, కలిసేది ఎప్పుడో. ఇద్దరం ఒకటే పుస్తకం ఒకటేసారి సదువుకుంట బతుకుతున్నం. ఇంట్ల చెప్పాలె. చెప్పేముందు ఈ కథ వినిపిస్తే, ఎవరు కూసుంటరో, ఎవరు లేచిపోతరో తెలుస్తది గదా."

"ముఖ్యంగా ఎవరు?"

"వదిన," అంది. "పదేండ్ల పిల్లగున్నప్పటిసంది నాకు తలదువ్వింది ఆమెనే."

నేను సరదాగా కథ వినడానికి బయల్దేరాను, ఈ పిల్ల బతుకంతా ఆ పందిట్లో పెట్టుకుని కూర్చుంది.

పందిరి కింద ఏడెనిమిది మంది ఆడవాళ్లున్నారు. మధ్యలో లచ్చవ్వ, అందరికంటే పెద్దావిడ, నోట్లో తంబాకు. పద్మకు ఎదురుగా వదిన కమల. నాకు కట్టడం రాదని తెలిసి నార చీల్చే పని ఇచ్చారు. బయట నిప్పులు చెరిగే ఎండ. పద్మ ఫోన్ తీసి మొదలుపెట్టగానే అందరూ మంచుకోటలోకి వెళ్లిపోయారు. కథలో మంచుకోటలో బంధించిన మంత్రగత్తె ఒకతి, ఆమెకు కాపలా ఉండే సిపాయి పిల్ల ఒకతి. ముందురోజు సిపాయి పిల్ల మంత్రగత్తె గొంతు మీద కత్తి పెట్టిన చోట ఆపిందట. పద్మ చదవడం కాదు, అక్కడికక్కడే తెలుగు చేసి వినిపిస్తోంది. మంచు పడే తీరు చెబుతుంటే ఒకామె నిజంగానే కొంగు భుజాల మీదికి లాక్కుంది. అసూయ పడ్డానని ఒప్పుకుంటాను.

ఆ నవల నేను రెండుసార్లు చదివాను. కాబట్టి పద్మ ఏం చేసిందో వెంటనే పట్టుకున్నాను. కత్తి కిందపడ్డాక వాళ్లిద్దరూ ముద్దుపెట్టుకునే అధ్యాయం మొత్తం దాటేసి, తెల్లారిన దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ మంత్రగత్తె సిపాయి పిల్లకు జడ అల్లుతుంటుంది. నేను తల వంచుకుని నార చీల్చాను. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసులే అనుకున్నాను.

లచ్చవ్వ చెయ్యి ఆగింది. "ఆగు పిల్లా. నిన్న గొంతుకాడ కత్తి పెట్టిన పిల్లకు ఇయ్యాల జడ ఎందుకల్లుతుంది? నడుమ ఏమైంది?"

"ఏం కాలే అవ్వా, దోస్తులైన్రు."

"ఎట్ల అయిన్రు? ఒక్క రాత్రిలనా?" లచ్చవ్వ తన ఒళ్లోని పద్మ ఆకులన్నీ తీసి, కట్టకుండానే తిరిగి పద్మ కుప్ప మీద పెట్టేసింది. "నువ్వు చదవనిదానికి మేమెందుకు కట్టాలె? చదివితే కడ్తం."

మిగతావాళ్లూ నవ్వుతూ తమ దగ్గరున్న ఆకులు వెనక్కి పెట్టేశారు. పద్మ నా వైపు చూసింది. చదవమని కళ్లతోనే సైగ చేశాను. పద్మ ఫోన్‌లో వెనక్కి జరిపి చదివింది. దాచకుండా, మెత్తగా, ఒక్క వాక్యం వదలకుండా. గొంతు రెండుసార్లు వణికింది. ముద్దు దగ్గర ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది. లచ్చవ్వ మాత్రం తంబాకు ఉమ్మి, "ఇగ జడ అల్లుడు సమజైంది," అని కుప్పలోంచి తన వాటా మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

అప్పుడే కమల లేచింది. ఎదురుగా ఉన్న ఆకులు తట్టలో వేసుకుని వెళ్లిపోయింది. పద్మ మిగిలిన అధ్యాయం ఎలా పూర్తిచేసిందో ఆమెకే తెలియాలి. నాకైతే ఏడుపొచ్చింది.

పొద్దు వాలుతుండగా కల్లానికి వెళ్లాం. నేల మీద వరుసలు వరుసలుగా పరిచిన కట్టలు, మధ్యలో లెక్క చూసే మనిషి. పద్మ తన కట్టలు పేర్చి, తక్కువ పడ్డాయని చూసుకుని, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టసాగింది. అంతలో తల మీద తట్టతో కమల వచ్చింది. తట్ట దించి, పద్మ వరుస చివర ఒక్కొక్కటే కట్ట పేర్చసాగింది. పద్మ ఆకులే, అన్నీ కట్టి తెచ్చింది.

"లేచిపోతివి గదా వదినా," అంది పద్మ.

"కూసుంటే అందరి ముంగట ఏడుస్తుంటి." కమల తల ఎత్తలేదు. "కథ సదివేటప్పుడు నీ గొంతు గట్ల ఎన్నడు వణకలే. నీ గొంతు నాకు ఎరుక లేదా?" ఇంకో రెండు కట్టలు పేర్చింది. "ఎవరు గా పిల్ల?"

పద్మ చెప్పింది. రెండే మాటల్లో, ఊరు, పేరు.

"ఏటపల్లి నుంచి ఒక్క బస్సాయె, ఎప్పుడు తింటదో ఏమో," అంది కమల. "ఒక పూట పిలువు, అన్నం తిని పోతది. మీ అన్న సంగతి నేను చూసుకుంట, జర ఓపిక పట్టు. రేపు మాత్రం కథ నేను లేచిన కాడినుంచి మళ్ల సదవాలె."

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, పొద్దున్నే వచ్చిన దారినే తిరిగొచ్చాను. అన్న ఏమంటాడో ఇంకా తెలియదు, అన్నీ సుఖాంతమని చెప్పడానికి నేను నవల రాయడం లేదు. కానీ ప్రేమ నవలలంటే కాలక్షేపమని ఇకపై ఎవరైనా నాతో అంటే, కరెంటు బిల్లు సంగతి నేనే ఎత్తుతాను. చెప్పుకోలేని మాటకు ముందు ఒక కథను పంపి, వెనకాల తను నిలబడింది పద్మ. కథ చేరింది. ఏళ్లుగా ఇన్ని నవలలు చదివిన నాకు, అవి చదివేది ఎందుకో ఆ కల్లంలో అర్థమైంది.

ఆకు రోజుల్లో అటు వెళ్లేవాళ్లకు ఒకే సలహా. పదకొండు లోపే ఊరు చేరండి, ఖాళీ చేతులతో కూర్చోకుండా కనీసం నారైనా చీల్చండి. చదవమని మిమ్మల్ని అడిగితే మాత్రం ఒక్క పేజీ కూడా దాటేయకండి, మీ ఆకులు మీ ఒళ్లోకే వచ్చిపడతాయి.