పేరులో మిగిలిన ఊరు

ఒడిశాలోని ఖల్లికోటలో రైలెక్కి నా ఎదుట కూర్చున్న పెద్దావిడకు బరంపురంలో చింతపండు హోల్‌సేల్ కొట్టుందట. నా చేతిలో పుస్తకం చూసి, “ఏటి సదువుతున్నావమ్మా?” అన్నారు.

మధ్యయుగపు జర్మనీ గురించి అని చెప్పాను. అక్కడి ఆర్చిబిషప్‌లు రాజ్యాలేలుతూ యుద్ధాల్లో మునిగిపోతే, చర్చిలను ప్రతిష్ఠించి, కొత్త ఫాదర్లను అభిషేకించేది సహాయ బిషప్‌లు. వాళ్ల బిరుదులో మాత్రం పరాయి రాజుల చేతిలో పడ్డ ఏదో దూరపు ఊరి పేరుండేది. ఆ ఊరికి వాళ్లెప్పుడూ వెళ్లలేరు.

“మా ఇంటిపేరూ అంతే. బొడ్డవలస. ఆంధ్రాలో ఊరంట. మా మావగారు కూడా సూడనేదు,” అని నవ్వారు. హుమ్మ దగ్గరి ఉప్పుమడులు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత, “పాపం, ఆళ్లకి దారి నేదు. మనకి రైలుంది కదా!” అన్నారు.

బరంపురంలో దిగాక చూస్తే, ఎంక్వైరీ కిటికీ దగ్గర ఆవిడ ఒడియాలో గట్టిగా ఏదో అడుగుతున్నారు. నాకు అర్థమైన మాట ఒక్కటే: బొడ్డవలస.