నేను కాపాడబోయిన సీనియారిటీ

మార్కాపురంలో ఆ రోజు నేను వెలగబెట్టిన ఘనకార్యం చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ ఆ పూట నా మనవరాలు మిరపకోతకూ ఉద్యోగానికీ మధ్య వేలాడిందని మాత్రం మరవకండి.

నేను బడి మొహం చూడలేదు. పకోడీల పొట్లాలు విప్పి ఆ పేపర్లు చదివి పైకొచ్చినవాణ్ణి. ఉపాధి కార్యాలయం సంగతులైతే నాకు కొట్టినపిండి. ఒకప్పుడు దాని బోర్డు నిండా కొలువులే: గుమాస్తా, అటెండరు, డ్రైవరు. ముందు పేరు రాయించుకున్నవాడికి ముందు పిలుపు. ఈలోగా ఏ చిన్న పనిలోనైనా కుదిరితే కార్డు రద్దు, సీనియారిటీ గంగపాలు. అందుకే మా కాలపు కుర్రాళ్లు వచ్చిన పనల్లా కాలదన్ని, మీసాలు నెరిసేదాకా పిలుపు కోసం కాచుకున్నారు. రానురాను బోర్డు మీద కాగితాలు పలచబడ్డాయి. చివరికి బల్లులు మిగిలాయి. చూసినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

ఆ ఆఫీసే మార్కాపురం కాలేజీలో జాబ్ మేళా పెట్టింది. మనవరాలు రూతు పొద్దున్నే కంభంలో బస్సెక్కింది. నేను టీ తాగుతుండగా ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. పిల్ల గానీ చేరిందంటే, నేను దగ్గరుండి ఆ ఆఫీసులో రాయించిన పేరు ఏమైపోవాలి? ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాతి బస్సు పట్టుకుంటే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి జాతరకు పోయే ముసలమ్మలా కదులుతోంది.

"తొందరగా పోవాల నాయనా, మా పిల్లకు ఉద్యోగం వచ్చేట్టుంది," అన్నాను.

"వస్తే మంచిదే గదా పెద్దాయనా," అన్నాడు కండక్టరు.

"దాన్ని ఆపనీకే పోతాండా."

బస్సంతా నన్ను అదోలా చూసింది.

నేను హాల్లోకి పడేసరికి మందుల కంపెనీ మేడమ్ రూతును "సోమవారం చేరగలవా?" అని అడుగుతోంది. పిల్ల నోరు తెరిచేలోపు బల్ల మీద చెయ్యేశాను.

"చేరదు మేడమ్. సీనియారిటీ పోతాది. మాకు గవర్మెంటు పిలుపొస్తాది."

ఉపాధి ఆఫీసరు పరుగున వచ్చాడు. "పెద్దాయనా, గవర్మెంటు ఖాళీలు మాకు రావడమే మానేసినాయి. అన్నీ పరీక్షలు, ఆన్‌లైన్. ఇప్పుడు మా దగ్గరికొచ్చేది ఈ కంపెనీలే. పిలుపే లేనప్పుడు సీనియారిటీ ఉంటే ఏంది, పోతే ఏంది?"

"మరి మీరెందుకు కూసున్నట్టు?" అని నేను లంకించుకున్నాను.

మేడమ్ పెన్నుకు మూత పెట్టేసింది. "ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోతే మాకు ఇబ్బందమ్మా. తర్వాతి అమ్మాయిని పిలవనా?"

చర్చిలో పిల్లలకు అబద్ధం ఆడకూడదని పాఠం చెప్పే నా మనవరాలు నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ తాత ఎవరో నాకు తెలీదు మేడమ్," అంది. "పొద్దున్నుంచీ అందరినీ ఇట్లనే ఆపుతున్నాడు."

ఇద్దరు మనుషులు నా రెక్కలు పట్టుకుని, ఎంతో మర్యాదగా, గేటు బయట నిలబెట్టారు.

సాయంత్రం రూతు ఉద్యోగం సంపాదించుకుని బయటికొచ్చింది. "పద తాతా, బస్సు పోతాది."

"నేనెవరో తెలీదన్నావు గదే."

"సోమవారం చేరినాక తెలుస్తావులే. అందాకా దూరంగా నడువు."

ఆమె వెనక పది అడుగుల ఎడంలో నడుస్తూనే ఒట్టు పెట్టుకున్నాను: సర్కారు ఖాళీలు మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కేదాకా నేను ఎవరి ఉద్యోగానికీ అడ్డం పోను. ఇంటికెళ్లి ఆ మాట చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో అందరూ గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారు.