అక్క కలిపిన ఒక్క మాట

శుక్రవారం పొద్దున మా కూలీల క్యాంపు పక్కన కోల్డ్ స్టోర్ అని పిలిచే కిరాణా కొట్టుకు నా కోసం ఫోను వచ్చింది. రాజోలు దగ్గరి పల్లె నుంచి, అక్క కూతురు. "మావయ్యా, అమ్మ రాత్రి పోయిందండి. తనకేమన్నా అయితే మీకు ఆ పూటే చెప్పాలనీ, ఒక్క రోజు కూడా దాచొద్దనీ నా చేత ఒట్టేయించుకుందండి" అంది. అంతే, ఫోను పెట్టేసింది. అక్క సెలవు మీద ఇంటికి వెళ్లి నెలన్నరే అయింది.

ఆమె నా తోడబుట్టింది కాదు. మాది జగిత్యాల వైపు పల్లె. ఈ గల్ఫు దేశంలో, గలాలీ అనే చోట కడుతున్న ఇళ్లకు పరంజా కట్టడం నా పని. ఆమె ఇక్కడే సల్మానియా అనే పేటలో ఒక చైనా డాక్టరమ్మ దవాఖాన ఊడ్చి, తుడిచి, తువ్వాళ్లు ఉతికేది. అంతకుముందు అరబ్బుల ఇళ్లలో చేసినందున ఆమెకు అరబ్బీ బాగా వచ్చు. డాక్టరమ్మకు కూడా అక్కడికొచ్చాక నేర్చుకున్న అరబ్బీయే దిక్కు. అలా తెలుగువాళ్లు ఎవరొచ్చినా చీపురు పక్కన పెట్టి అక్కే మధ్యలో నిలబడి మాట అందించేది.

నాలుగేళ్ల కింద నాకు నిద్ర పోయింది. పోయిందంటే పూర్తిగా పోయింది. నడుం వాల్చిన కాసేపటికే మెలకువ వచ్చేది, మళ్లీ కన్ను మూతపడేది కాదు. పగలు మూడో అంతస్తు పలక మీద కూర్చుని కునికిపాట్లు పడుతుంటే ఫోర్‌మన్ చూశాడు. "ఇంకోసారి చూస్తే ఖలాస్, టికెట్ కొట్టించి ఇంటికి పంపిస్తా" అన్నాడు. అతని కోపంలో తప్పులేదు. నేను జారితే కింద ఇంకొకడు ఉన్నాడు. గదిలోని భాయ్ ఒకడు సెలవు రోజున నన్ను చైనా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆమె నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చాలాసేపు ఉంది. నాలుక చాపమంది. ఏ వేళకు మెలకువ వస్తోందని అడిగింది. ఒంటిగంటన్నరకు, గడియారం పెట్టినట్టు, అన్నాను. డాక్టరమ్మ తలూపి ఏదో చెప్పింది. అక్క దాన్ని ఇట్లా అందించింది:

"గుండెలో ఒక జీవి కాపురం ఉంటుందంట తమ్ముడూ. పగలంతా కళ్లలోంచి లోకం చూసి, చీకటి పడ్డాక ఇల్లు చేరాలంట. ఇల్లు కుతకుతా ఉడికిపోతుంటే అదెలా పడుకుంటుంది? గుమ్మంలోనే నిలబడిపోద్ది. నువ్వు లేచే ఆ వేళ కాలేయానిదంట. ఉడుకంతా అక్కణ్ణించే వస్తోందంట."

"కాలేయమంటే కార్జమా అక్కా?"

"కార్జమే. ఇంతకీ ఎవరి మీద కోపం నీకు?"

"నాకెవ్వలి మీద కోపమున్నదక్కా? ఎవ్వలి మీద లేదు."

"మరి ఆ పిడికిలెందుకు బిగించావు?"

చూసుకుంటే నిజమే. తెరవడానికి కష్టమైంది. అప్పుడు చెప్పాను. మా నాయిన చనిపోయిన సంగతి మా అన్న నాకు నలభై రోజుల దాకా చెప్పలేదు. ఉత్తరంలో వానల గురించి, గొడ్ల గురించి రాసి, అందరం బాగున్నామన్నాడు. నాయిన దినాలు అయిపోయిన రోజున నేను ఇక్కడ భాయ్‌లతో కూర్చుని క్రికెట్ చూస్తున్నాను. ఆ తర్వాత అన్నకు ఉత్తరం రాయలేదు.

డాక్టరమ్మ చీలమండల దగ్గర, మణికట్ల దగ్గర, నడినెత్తిన సన్నని సూదులు పెట్టింది. మన రేగులాంటి పుల్లని పండు గింజలతో కషాయం ఇచ్చింది. పడుకునే ముందు వేడినీళ్లలో పాదాలు పెట్టుకోమంది, పొద్దు గుంకాక టీ మానెయ్యమంది. బయటికి వస్తుంటే అక్క గుమ్మం దాకా వచ్చి, "మీ అన్నకు క్యాసెట్టు నింపి పంపు. క్షమించలేకపోతే పోనీ, పేరు పెట్టి తిట్టెయ్యి. నిద్ర పిలిస్తే రాదు తమ్ముడూ, చోటిస్తే వస్తుంది" అంది.

క్యాసెట్టు ఒక పక్కంతా తిట్టాను. నెల దాటాక అన్న దగ్గర నుంచి జవాబుగా ఇంకో క్యాసెట్టు వచ్చింది. అందులో అన్న గొంతు: "నీకు చెప్పుదామని రెండుసార్లు పోస్టాఫీసు దాంక పోయి మర్లచ్చిన తమ్మీ. నీకు సెలవియ్యరని తెలుసు. ఒక్కనివి ఆడ ఏడుస్తవని జంకిన. తప్పయింది." దాన్ని ఎన్నిసార్లు విన్నానో.

ఆ నెలాఖరుకల్లా తెల్లారిందాకా పడుకోవడం మొదలైంది. సూదులది ఎంత, కషాయానిది ఎంత, ఆ తిట్లది ఎంత అని ఇప్పటికీ నేను విడదీసి చెప్పలేను. నిద్ర మాత్రం నిజం.

కొన్నాళ్లకు నాకూ నాలుగు అరబ్బీ ముక్కలు వచ్చాయి. కోపం గురించి అడిగి నన్ను బతికించావని డాక్టరమ్మకు దండం పెట్టాను. ఆమె అయోమయంగా అక్క వైపు చూసింది. అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆవిడ అడగలేదు తమ్ముడూ. నేనే కలిపా. కాలేయమంటే కోపమని మూడేళ్లుగా వింటున్నా కదా. చెప్పినదాంట్లో ముక్క కలపకూడదని తెలుసు. కానీ నీ పిడికిలి ఆవిడకి కనపడలేదు, నా వైపుంది."

ఆ మాటే అరబ్బీలో డాక్టరమ్మకూ చెప్పేసింది, దాచకుండా. అక్కకు ఉన్న పని పోతుందేమోనని నాకు భయం వేసింది. డాక్టరమ్మ ఒక కుర్చీ లాగి తన బల్ల పక్కన వేసింది. అప్పటి నుంచి మావాళ్లెవరు వచ్చినా అక్క నిలబడలేదు, కూర్చునే మాట అందించింది.

నాకు నిద్ర వచ్చాక కూడా సెలవు రోజుల్లో అక్కడికి పోయేవాణ్ని, కొత్తవాళ్లకు తోడుగా. అక్క ఊరికి బయలుదేరే ముందటి శుక్రవారం లోపలి గదిలో ఆరుగురు వరసగా పడుకుని ఉన్నారు. ఒంటినిండా సూదులతో, ఎన్నాళ్లకో గురక పెడుతూ. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ చివరి మంచం మీది అతని మొహం మీదికి వస్తోంది. అక్క చెప్పులు విప్పి ఒక చేత్తో పట్టుకుని, మంచాల మధ్య నుంచి వట్టి కాళ్లతో నడిచి వెళ్లి, రెండో చేత్తో తెరను మెల్లగా లాగుతోంది. మధ్యలో దాని కొక్కెం కిర్రుమంది. అక్క అక్కడే ఆగిపోయి, తెర అంచు అట్లాగే పట్టుకుని, ఎవరైనా కదులుతారేమోనని ఆరుగురినీ ఒక్కొక్కరిగా చూస్తూ నిలబడింది.